పిడికెడు బియ్యం మిషను

పోయినవారం మనం సుప్రియను నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఆమె బందరులో పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల చేత నోరు తెరిపించడమే తప్ప తను తెరిచే అలవాటు లేదు. అలాంటి మనిషి తెరిచిందంటే దానికి తగిన కారణమే ఉంది.

క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల మీద అందంగా ఉంటుందని ఆమె ఒక పాత టైపు మిషను కొనాలనుకుంది. గుడివాడలో పున్నారావు పాత ఇనుము కొట్టులో, విరిగిన కుట్టుమిషన్ల కింద, తెలుగు అక్షరాలున్న మిషను దొరికింది. జీవితంలో మొదటిది కదా, ఆత్రం ఆగలేదు. తిన్నగా బైకులు కడిగే వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్లి పైపుతో కొట్టించింది. లోపలనుంచి నల్లటి బురద కారింది. కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్లకి బురద కనిపిస్తే కడిగెయ్యాలనిపిస్తుంది గానీ, ఇది ఎక్కడి బురద అని అడగాలనిపించదు. ఆ తర్వాత మిషనును కోనేరు సెంటర్ వెనక సందులో ఉండే రాజారత్నానికి అప్పగించింది. ఆయన ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు, ఇప్పుడు అదే హాల్లో జిరాక్సు తీస్తున్నాడు. కాగితం వెనక ఆనే రేకు మీది పచ్చరంగును ఆయన గీకుతుంటే, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు, చుక్కలు చుక్కలుగా అక్షరాలు బయటపడ్డాయి.

‘ఏటిమొగపాలెం స్త్రీల సమాజం. పిడికెడు బియ్యం.’

ఏటిమొగపాలెం దివిసీమలో సముద్రం పక్కనున్న ఊరు. సుప్రియ నాన్న సాల్మన్ రాజు పుట్టిన ఊరు. ఆయన కూతుర్ని ఒక్కసారి కూడా తీసుకెళ్లని ఊరు. ఎందుకు తీసుకెళ్లలేదో అడిగితే "అక్కడేముంది, ఉప్పుగాలి" అనేవాడు. సుప్రియ ఆ అక్షరాల ఫొటో తీసి నాన్నకి వాట్సాప్ చేసింది. నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం చర్చిలో ఆరాధన అవగానే జవాబుకి బదులు మనిషే వచ్చాడు.

తెల్లచొక్కా, చేతిలో జిప్పు ఉన్న బైబిలు, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు సాల్మన్ రాజు. రిటైరైన లెక్కల మాస్టారు. తరగతిలో తప్పు లెక్క చేసినవాణ్ని చూసినట్టు ఆయన మిషను వంక చూశాడు.

"రండి మాస్టారూ, లోపలికి రండి. మీ అమ్మాయి మంచి మిషను పట్టింది. కిరసనాయిల్లో నానబెట్టాను, కీలన్నీ వదులయ్యాయి. రోలరొక్కటే రాయిలాగా గట్టిపడింది," అన్నాడు రాజారత్నం.

సాల్మన్ రాజు ఆయన వంక చూడకుండానే కూతురి వైపు తిరిగాడు. "అమ్మాయ్, దీన్ని ఎక్కడ కొన్నావో అక్కడే ఇచ్చేసి రా," అన్నాడు.

"అదేంటి నాన్నా? మీ ఊరి మిషను ఇది. మీ చర్చి ఆడవాళ్లది. నేను నువ్వు సంతోషిస్తావనుకున్నా."

"ఇచ్చేసి రమ్మన్నాను."

"ఎందుకో చెప్తే ఇస్తా."

సుప్రియకి తండ్రి మొండితనమే వచ్చింది. అది ఆయనకీ తెలుసు కాబట్టి చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు పిల్లలు టైపు లోయరు పరీక్షకి కూర్చున్న ఇనుప కుర్చీ అది, కిర్రుమంది. ఆయన బైబిలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ జకరయ్య తాతయ్య ఊళ్లో ఉపదేశి. పాస్టరు గారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది, పిల్లలకి చదువు చెప్పేది నాన్నే. జనాలకి అర్జీలు కూడా రాసిపెట్టేవాడు. ఇంటిస్థలం కావాలన్నా, నీళ్లు రావట్లేదన్నా, నాన్న రాసిస్తే పట్టుకుని అవనిగడ్డ వెళ్లేవాళ్లు. మా పేట వాళ్లకే కాదు, పక్కన వలల పేట వాళ్లకి కూడా. చేత్తో రాసిన కాగితం ఆఫీసులో ఎవరూ చూడరని, టైపు కొట్టింది అయితే విలువుంటుందని ఎవరో చెప్పారు. అప్పుడు ఆడవాళ్లు ఒప్పుకున్నారు."

"ఏం ఒప్పుకున్నారు?"

"మీ అమ్మ ఇప్పటికీ చేస్తుంది కదా. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది."

సుప్రియకి ఆ డబ్బా తెలుసు. వంటింట్లో గ్యాసు పక్కన ఉంటుంది. ఆదివారం అమ్మ దాన్ని సంచిలో ఒంపి చర్చికి తీసుకెళ్తుంది, అక్కడ అందరి బియ్యం కలిపి వేలం పాడతారు. చిన్నప్పుడు సుప్రియ ఆ డబ్బాలో చెయ్యి పెడితే అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. అది దేవుడి బియ్యం, ఆకలేసినా ముట్టుకోకూడదు.

"మా ఊళ్లో ఆ రోజుల్లో పూటకి సరిపడా బియ్యం ఉన్న ఇల్లు ఎక్కడుంది? అయినా తీశారు. ఏళ్లతరబడి తీశారు. ఆ బియ్యంతో కొన్న మిషను అది. అవనిగడ్డలో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి చేత ఆ అక్షరాలు కొట్టించారు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా అమ్మ దానికి దిష్టి తీస్తానంటే నాన్న కోప్పడ్డాడు."

సుప్రియ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"డెబ్బై ఏడు ఉప్పెన వచ్చినప్పుడు నేనూ అమ్మా మొవ్వలో మా అమ్మమ్మ గారింట్లో ఉన్నాం. నాన్న ఒక్కడే ఊళ్లో ఉన్నాడు. తాడిచెట్టు పట్టుకుని బతికాడు. మిషను ఏదని అందరూ అడిగితే, సముద్రం తీసుకుపోయిందన్నాడు. మనుషులే పోయారు, మిషను ఎంత, అని ఊరుకున్నారు. కొన్నాళ్లకి సంఘపెద్ద ఒకాయన గుడివాడ వెళ్లొచ్చి, అక్కడ ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మన మిషను కళ్లారా చూశానని, దాని మీద మన ఆడవాళ్ల పేరు ఉందని చెప్పాడు. ఆ సంఘపెద్ద పేరు సుందరరాజు గారు."

బల్ల అవతల రాజారత్నం స్క్రూ బిగిస్తున్నాడు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. మళ్లీ తిరిగింది. సుప్రియ అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

"సంఘం కూర్చుంది. జకరయ్యా, మిషను అమ్ముకున్నావా అని అడిగారు. సముద్రం తీసుకుపోయిందని ఒకటే మాట. అవునూ అనడు, కాదూ అనడు. సముద్రం, సముద్రం. నాన్నని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఊళ్లో ఉపదేశికి బల్ల లేకపోతే ఇంకేం మిగుల్తుంది? అందరం బందరు వచ్చేశాం. ఇక్కడ గోడౌనులో వాచ్‌మన్‌గా చేసి, అలాగే పోయాడు. ఊరివాళ్లు ఇప్పటికీ మనల్ని ఏమంటారో తెలుసా? పిడికెడు బియ్యం తిన్నోళ్లు అంటారు. అందుకే నిన్ను తీసుకెళ్లలేదు."

తాతయ్యను సుప్రియ ఫొటోలోనే చూసింది. బిగుసుకుపోయి, కెమెరాను చూసి భయపడుతున్నట్టు కూర్చున్న సన్నటి మనిషి. ఆ మనిషి ఆకలి బియ్యాన్ని అమ్ముకున్నాడా? నమ్మబుద్ధి కాలేదు. నమ్మకపోవడానికి ఆధారం ఏమిటని వెతుక్కుంటే చటుక్కున తట్టింది, తట్టిన మరుక్షణం ఏడుపొచ్చింది.

"బురద, నాన్నా. ఇందులోంచి నల్లబురద వచ్చింది. ఉప్పెనలో మునిగితేనే కదా బురద వస్తుంది? తాతయ్య చెప్పింది నిజం. కానీ నేను కడిగించేశా. మొత్తం కడిగించేశా."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం డాక్టరమ్మా. నేను మొదటిరోజే చెప్పాను, టైపు మిషనుకి నీళ్లు తగలకూడదని," అన్నాడు రాజారత్నం.

ఆయన మొదటిరోజు చెప్పింది నిజమే, కాకపోతే అప్పటికే కడగడం అయిపోయింది. సుప్రియ వాదించలేదు. తన బ్యాగు తెరిచి, పళ్ల వెనక చూసే చిన్న గుండ్రటి అద్దం, పాచి గీకే కొక్కెం, తలకి కట్టుకునే లైటు తీసింది. కొన్నాళ్లుగా ఆమె ఆ కొక్కెంతోనే అక్షరాల సందుల్లో గడ్డకట్టిన ఇంకు తీస్తోంది. ‘క్ష’ను శుభ్రం చెయ్యడం జ్ఞానదంతం పీకడం కంటే కష్టమని క్లినిక్‌లో నర్సు గాయత్రితో అంటుండేది.

మిషనును పక్కకి పడుకోబెట్టి లైటు వేసింది. పైపు నీళ్లు తగలగలిగిన చోటల్లా బురద పోయి తుప్పు మచ్చలే మిగిలాయి. కీల వరస వెనక, స్ప్రింగులు తగిలించే కమ్మీ కింద ఒక మూల మాత్రం చెయ్యి దూరదు, కన్ను ఆనదు. అద్దం పెట్టి చూసింది. అక్కడ నల్లగా, గట్టిగా, పాచి పట్టినట్టు ఏదో ఉంది. కొక్కెంతో గీకితే పొడి రాలింది. పొడితో పాటు వేలిగోరులో సగం ఉన్న గుల్ల ఒకటి రాలి బల్ల మీద పడింది.

తెల్లటి సముద్రపు గుల్ల.

రాజారత్నం ఆ మట్టిని వేలికి అద్దుకుని, సుప్రియ వద్దంటున్నా వినకుండా నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పు," అన్నాడు.

"చూశావా నాన్నా. సముద్రం తీసుకుపోయింది. తాతయ్య అబద్ధం చెప్పలేదు. తర్వాత ఎవరో బురదలో దొరికిందాన్ని తీసుకెళ్లి గుడివాడలో అమ్ముకుని ఉంటారు. రేపే ఏటిమొగపాలెం వెళ్దాం. ఈ గుల్ల తీసుకెళ్లి సంఘం ముందు పెడదాం."

సుప్రియకి ఒళ్లంతా తేలికైంది. నాన్న లేచి ఆ గుల్లను చేతిలోకి తీసుకుంటాడనుకుంది. ఆయన లేవలేదు. బైబిలు జిప్పు లాగుతూ, వేస్తూ కూర్చున్నాడు.

"నాన్నా, నీకు సంతోషంగా లేదా?"

"నేను చూశానమ్మా," అన్నాడు సాల్మన్ రాజు.

"ఏం చూశావు?"

"ఉప్పెన తర్వాత నాన్న నన్ను చల్లపల్లి తీసుకెళ్లాడు. అక్కడ బట్టలు పంచుతున్నారు. బస్టాండులో నన్నొక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తా కదలొద్దని గుడివాడ బస్సెక్కాడు. చంకలో గోనెసంచి ఉంది. సంచి చిరుగులోంచి మిషను పిడి బయటికొచ్చి మెరుస్తోంది. ఒక వరస అయ్యాక ఎడంచేత్తో నెడతారే, ఆ పిడి. నాన్న పక్కన కూర్చుని దాన్ని నెట్టడమే నాకు ఆట. అది నాకు తెలియకపోవడమేంటి? సాయంత్రానికి తిరిగొచ్చాడు. సంచి లేదు. నాకు పీచుమిఠాయి తెచ్చాడు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్పను? సంఘం నాన్నని నిలబెట్టి అడుగుతుంటే నేను కిటికీ దగ్గరున్నాను. ఆయన సముద్రం, సముద్రం అంటున్నాడు. నా నోట్లో ఇంకా ఆ తీపే ఉన్నట్టనిపించింది. ఆయన పోయేదాకా నేను ఆ మాట అడగలేదు, ఆయన చెప్పలేదు. మా నాన్న దొంగ అని ఊరంతా అంటే నాకు కోపం వచ్చేది, ఎందుకంటే అది నిజమని నాకొక్కడికే తెలుసు."

సుప్రియ గుల్ల వంక చూసింది. ఇందాక అంత గట్టి సాక్ష్యంలాగా కనిపించింది ఇప్పుడు ఉత్త గుల్లలాగా ఉంది. నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. గుల్లకి అబద్ధం చెప్పడం రాదు. మిషను సముద్రంలో మునిగింది. మిషను సంచిలో గుడివాడ వెళ్లింది. మునిగిందాన్నే బురదలోంచి ఏరి అమ్మాడా? అలాగైతే సముద్రం తీసుకుపోయిందన్న మాట సగం నిజం, సగం అబద్ధం అవుతుంది. సగం దొంగ అనేవాడు ఎక్కడైనా ఉంటాడా?

ఆమెకి బుర్ర పనిచెయ్యకపోతే చేతులు పనిచేస్తాయి. మిషనును నిలబెట్టి, మళ్లీ అద్దం తీసుకుని ఈసారి పైభాగం చూడ్డం మొదలెట్టింది. కాగితాన్ని పట్టుకుని అటూ ఇటూ జరిగే పైభాగాన్ని క్యారేజీ అంటారు. రోలరూ, ఎడమవైపు పిడీ, ఆడవాళ్ల పేరున్న రేకూ అన్నీ దానికే ఉంటాయి. దాన్ని లాగే తాడు తెగిపోతే, గాయత్రి వాళ్ల నాన్న ఇచ్చిన వలతాడు ముక్కే కట్టారు. క్యారేజీ కింద పట్టాలున్నాయి. వాటి సందులో మూలమూలా వెతికింది. పాత నూనె జిడ్డు ఉంది, దుమ్ము ఉంది. మట్టి రేణువు లేదు. తుప్పు మచ్చ లేదు.

"రాజారత్నం గారూ, కింద అంత తుప్పుంటే పైన ఇంత శుభ్రంగా ఎలా ఉందండీ?"

"పైపుతో కడిగించారు కదమ్మా."

"కడిగితే బురద పోతుంది. తుప్పు పోతుందా?"

ఆయన రిబ్బన్ డబ్బా వెతకడం మొదలెట్టాడు. సుప్రియ అద్దాన్ని ఇంకాస్త లోపలికి తోసింది. పట్టా చివర ఇనుములో గుద్దిన అంకెలు కనిపించాయి. అద్దంలో తిరగబడి ఉన్నాయి, ఫోనుతో ఫొటో తీసి సరిచేసుకుంది. బాడీకి కుడిపక్క కూడా నంబరు ఉందని ఆయనే మొదట్లో చూపించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే వేరువేరు నంబర్లు.

"ఈ రెండు నంబర్లూ ఒకటే ఉండాలా అండీ?"

"ఉండాలనుకోండి," అన్నాడు రాజారత్నం ఇబ్బందిగా. "ఉండకపోయినా పెద్ద విశేషమేం కాదు. ఒకదాని క్యారేజీ ఇంకోదానికి వెయ్యడం మెకానిక్కులకి మామూలే. ఉప్పెన తర్వాత ఆఫీసుల్లో తడిసిన మిషన్లు గుడివాడకి బళ్ల మీద వచ్చాయి. దేని కాలు దేనికి తగిలించారో ఎవరు చూశారు? ఇవన్నీ తవ్వుకుంటూ కూర్చోకండి డాక్టరమ్మా. రిబ్బన్ వేసి ఇస్తాను, బల్ల మీద పెట్టుకోండి, అందంగా ఉంటుంది."

మొన్నటిదాకా ప్రతి స్క్రూకీ ఒక కథ చెప్పిన మనిషి ఇవాళ తవ్వొద్దంటున్నాడు. సుప్రియకి అది వింతగా తోచింది గానీ, అంతకంటే పెద్ద వింత ఎదురుగా ఉంది.

"నాన్నా, తాతయ్య సంచిని చంకలో పెట్టుకున్నాడన్నావు కదా. ఒక్క చంకలోనే?"

"ఒక్క చంకలోనే. రెండో చేత్తో బస్సు కమ్మీ పట్టుకున్నాడు."

"నువ్వోసారి ఈ మిషను ఎత్తు."

సాల్మన్ రాజు లేచి రెండు చేతులూ వేసి ఎత్తాడు. జానెడు లేచేసరికి మొహం ఎర్రబడింది, మళ్లీ దించేశాడు. దించి అలాగే నిలబడిపోయాడు. లెక్కల మాస్టారు కదా, మిగతా మెట్లు కూతురు చెప్పక్కర్లేకపోయింది.

"అది మిషను కాదు," అన్నాడు నెమ్మదిగా. "క్యారేజీ ఒక్కటే. పిడి ఉండేది దానికే."

"తాతయ్య గుడివాడ తీసుకెళ్లింది ఇదిగో, ఈ పైసగం. కింద సగం వేరే ఎవరిదో, ఉప్పెనలో మునిగిన ఆఫీసు మిషనుది. మరి మన కింద సగం ఏమైంది?"

"సముద్రం తీసుకుపోయిందేమో."

"మిషనులో సగాన్ని తీసుకుపోయి, సగాన్ని తుప్పు కూడా పట్టకుండా వదిలేసే సముద్రం ఉంటుందా నాన్నా?"

ఉండదు. క్యారేజీని ఎవరో ముందే విప్పి ఉండాలి. ఎందుకు విప్పారు? ఒట్టి క్యారేజీ అమ్మితే ఎవరు కొంటారు? అమ్మడానికి కాకపోతే అంత దూరం ఎందుకు మోసుకెళ్లాడు? తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. సాల్మన్ రాజు మాత్రం ఆ పిడి మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టాడు. క్యారేజీ కుడివైపుకి జరిగి ఆగింది. ఆయన దాన్ని మళ్లీ ఎడమకి తెచ్చి మళ్లీ నెట్టాడు. ఆ ముసలి చేతికి ఐదో తరగతి పిల్లవాడి ఆట గుర్తుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

సందులో ఆటో ఆగింది. గాయత్రి దిగింది. ఆమెది ఏటిమొగపాలెంలో వలల పేట. వెనకనే ఆమె నాయనమ్మ మహాలక్ష్మమ్మ దిగింది. జీవితమంతా నెత్తిన చేపలగంప మోసిన మనిషి, మెడ ఇంకా నిటారుగా ఉంది. మనవరాలూ ఆటో డ్రైవరూ కలిసి ఒక గంపను మోసుకొచ్చి గుమ్మంలో దించారు. దాని మీద పాత వల కప్పి ఉంది.

"మేడమ్, ఏమీ అనుకోకండి," అంది గాయత్రి. "మీరు నాకూ పంపించిన ఆ అక్షరాల ఫొటో నాయనమ్మకి చూపించి, దాని మీద ఏం రాసుందో చదివాను. అంతే, అన్నం తినడం మానేసి లేచింది. బందరు తీసుకెళ్లమని ఒకటే గోల."

మహాలక్ష్మమ్మ లోపలికి వచ్చి బల్ల మీద మిషనును చూసింది, సాల్మన్ రాజును చూసింది. "నువ్వు జకరయ్యగారి అబ్బాయివా?" అని అడిగింది.

"అవునమ్మా."

"మీ నాన్నగారే మా ఇంటిస్థలానికి కాగితం కొట్టిచ్చారయ్యా. ఆ స్థలంలోనే ఉంటున్నాం."

ఆమె వంగి వల తీసింది. వల కింద పాత చీర. చీర విప్పితే కొబ్బరినూనె వాసన వచ్చింది. గంపలో పైసగం లేని టైపు మిషను ఉంది. అక్షరాల కమ్మీలు వరసగా, నల్లగా, నిన్ననే తుడిచినట్టు మెరుస్తున్నాయి.

సుప్రియ మోకాళ్ల మీద కూర్చుని లైటు వేసింది. ఎక్కడా మట్టి లేదు. తుప్పు లేదు. కుడిపక్క నంబరు చూసింది. ఫోనులో క్యారేజీ నంబరు చూసింది. మళ్లీ ఇది చూసింది. ఒకటే నంబరు.

"ఇదే నాన్నా. ఇదే మన మిషను. దీనికి నీటిచుక్క కూడా తగల్లేదు."

సాల్మన్ రాజు గోడకి ఆనుకున్నాడు. ఇన్నేళ్లూ ఆయన మోసిన లెక్క ఒకటి. మా నాన్న అమ్ముకున్నాడు, అందుకే అబద్ధం చెప్పాడు. ఇప్పుడు అందులో ముందు సగం కొట్టేస్తే వెనక సగం ఒంటరిగా మిగిలింది. అమ్ముకోలేదు. కానీ అబద్ధం చెప్పాడు.

"మీ దగ్గరికి ఎలా వచ్చిందమ్మా ఇది?" అన్నాడు.

"ఉప్పెన పోయాక ఆయనే మోసుకొచ్చి ఇచ్చారు. అప్పటికి మాకు ఇల్లెక్కడిది, టార్పాలిన్ కింద ఉన్నాం. ఆ టార్పాలిన్ కిందే దాచాం. సంఘం ఆడోళ్లది ఇది, వాళ్ల నోటికాడి బియ్యం ఇది, వాళ్లలో ఎవరొచ్చి అడిగినా ఇచ్చెయ్యి మహాలక్ష్మీ అన్నారు. నూనె రాస్తూ కూర్చున్నా. మీ చర్చిలో తగువయ్యిందంట, ఆయన్ని వెళ్లగొట్టారంట, తర్వాతెప్పుడో తెలిసింది. మమ్మల్ని ఎవరూ అడగలేదయ్యా. మీ పేటకీ మా పేటకీ మధ్య ఒక్క కాలవ. ఒక్కళ్లన్నా దాటి వచ్చి అడగలేదు. మొగోళ్లు రాలేదు, ఆడోళ్లూ రాలేదు. ఈ అమ్మాయి ఆడపిల్లే కదా, మీ సంఘం పిల్లే కదా, అందుకని తెచ్చా. తీసుకోమ్మా."

ఆమె గంపను సుప్రియ వైపు జరిపింది. సుప్రియ దాని మీద రెండు చేతులూ వేసింది. తాతయ్య నోరు విప్పి, కాలవ అవతల ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. బల్ల పోగొట్టుకున్నాడు, ఊరు పోగొట్టుకున్నాడు, కొడుకు నమ్మకం పోగొట్టుకున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు.

"మామ్మా, ఎవరికి ఇవ్వాలో చెప్పారు సరే. ఎవరికీ తెలియకుండా దాచడం ఎందుకు? ఎవరి నుంచి దాచమన్నారు?"

"ఇంకెవరు, మీ సంఘపెద్ద సుందరరాజు గారి నుంచి. ఆయన చేతికి మాత్రం చిక్కకూడదని ఒట్టేయించుకున్నారు. ఎందుకని నేనడగలా." మహాలక్ష్మమ్మ పైటకొంగుతో చేతి నూనె తుడుచుకుంటూ తలెత్తి, బల్ల వెనక నిలబడ్డ మనిషిని అప్పుడే సరిగ్గా చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఆయన పోయాడని చెప్పారే నాతో. మరి ఈయనెవరమ్మా, అచ్చం అదే మొహం?"

రాజారత్నం చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టాడు.

"ఆయన మా నాన్నగారమ్మా," అన్నాడు.